క్లయింట్ ‘పుష్ బ్యాక్’ చేశాడంటే సరేనన్నట్టా, కాదన్నట్టా?

ప్రశ్న: మియాపూర్‌లో ఉంటూ రాయదుర్గం వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్న పాఠకురాలు వివరంగా ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. ఆమె ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివారు. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. అమెరికాలోని ఒక బీమా సంస్థ ప్రాజెక్టు చూస్తున్నారు. రిలీజ్ 21వ తేదీ ఆదివారం అని ముందే అనుకున్నారు. పని తెమిలేలా లేదని టీమంతా కలిసి ఇంకో వారం, అంటే 28 దాకా గడువు అడిగింది. రెండు రోజుల తర్వాత అమెరికాలో ఉన్న ఆన్‌సైట్ లీడ్ ఒకే ఒక్క వాక్యంతో మెయిల్ పెట్టారు: ‘ద క్లయింట్ ఈజ్ పుషింగ్ బ్యాక్ ఆన్ ద ట్వంటీ ఎయిత్.’ అమీర్‌పేటలో మెట్రో మారే హడావిడిలో ఆమె దాన్ని ఫోన్లో చదివారు. వెనక్కి జరిపి 28 చేశారన్నమాట అనుకుని, టీమ్ గ్రూపులో ‘28 ఖాయం’ అని పెట్టేశారు. మూడు పనిదినాలు అందరూ తాపీగా నడిపారు. నాలుగో రోజు రాత్రి 8 గంటల కాల్‌లో బయటపడింది: క్లయింట్ 28కి ఒప్పుకోలేదు, 21కే కావాలంటున్నాడు.

ఆ గొడవ చల్లారకముందే ఆమె పనితీరు రివ్యూలో మళ్లీ అదే మాట వచ్చింది: ‘షీ నీడ్స్ టు పుష్ బ్యాక్ మోర్.’ ఇంకా ఎక్కువ గడువులు అడగమంటున్నారేమో అని ఆమె మొదట అనుకున్నారట. పక్క సీటు అమ్మాయి ‘కాదే, ఎదురు తిరగమని’ అని చెప్పింది. సరేనని తర్వాతి కాల్‌లో ‘ఐ అపోజ్ దిస్ ప్లాన్’ అన్నారు. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత లీడ్ నుంచి ‘ఏమైందమ్మా?’ అని మెసేజ్. ఆ లీడ్ తెలుగాయనే, ఆమెకంటే పదేళ్లు పెద్ద, ఆమె ‘అన్నా’ అని పిలుస్తారు. ‘ఈ మాటకు అసలు అర్థమేమిటి? ఎక్కడ ఏ అర్థమో ఎలా పట్టుకోవాలి? పెద్దవాళ్లకు ఎదురు చెప్పి ఎరగని నేను దీన్ని ఎలా చేయాలి? మెయిల్ తప్పుగా అర్థం చేసుకున్నది నేనేనని టీమ్‌కి చెప్పాలా? మా ఆయనేమో ఒక్క మాట కోసం ఇంత బాధెందుకు, వేరే కంపెనీ చూసుకో అంటున్నారు’ అని అడిగారు.

సమాధానం: ముందు ఆ మెయిల్ సంగతి తేల్చుకుందాం. తప్పు మీ ఒక్కరిదే కాదు. ఆ వాక్యం రాసినాయనకూ అందులో వాటా ఉంది.

ఆఫీసుల్లో ‘పుష్ బ్యాక్’ ఎక్కువగా రెండు పనులు చేస్తుంది. ఒకటి వాయిదా: తేదీనో మీటింగునో ఆలస్యంగా జరపడం. రెండోది అభ్యంతరం: ఎదుటివాళ్లు అన్నదానికి తలూపకుండా, ఎందుకు కుదరదో చెప్పి నిలబడడం. రెండింటికీ మాట ఒకటే గానీ చుట్టూ ఉండే మాటలు వేరు, మీరు పట్టుకోవాల్సింది వాటినే. వాయిదా అర్థంలో దేన్ని జరిపారో వాక్యంలో ఉండి తీరాలి. ‘దే పుష్డ్ బ్యాక్ ద రిలీజ్’ అనొచ్చు, ‘దే పుష్డ్ ద రిలీజ్ బ్యాక్’ అనొచ్చు. ‘ఇట్’ వాడితే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: ‘పుష్డ్ ఇట్ బ్యాక్’. ‘పుష్డ్ బ్యాక్ ఇట్’ అనరు. ఏ తేదీకి జరిగిందో చెప్పడానికి ‘టు’ వస్తుంది, ఎంత జరిగిందో చెప్పడానికి ‘బై’ వస్తుంది: ‘టు ద ట్వంటీ ఎయిత్’, ‘బై ఎ వీక్’. అభ్యంతరం అర్థంలో ఇవేవీ ఉండవు. వాక్యం ‘ద క్లయింట్ పుష్డ్ బ్యాక్’ అని అక్కడికక్కడే ఆగిపోవచ్చు. లేదా వెనకాల ‘ఆన్’ గానీ ‘అగైనెస్ట్’ గానీ వస్తుంది.

ఇప్పుడు మీ మెయిల్ మళ్లీ చూడండి. దేన్ని జరుపుతున్నారో లేదు, ‘టు’ లేదు, ఉన్నది ‘ఆన్’. వ్యాకరణం ప్రకారం అది వాయిదా అయ్యే వీల్లేదు. చిక్కల్లా ఎక్కడంటే, ‘ఆన్’ తేదీల ముందు మామూలుగా వచ్చే మాటే. ‘ఆన్ మండే’ అంటే సోమవారం నాడు. అందుకే ‘ఆన్ ద ట్వంటీ ఎయిత్’ అనగానే మీ కన్ను ‘28న’ అని చదివేసింది. ‘పుషింగ్ బ్యాక్ ఆన్ అవర్ రిక్వెస్ట్ ఫర్ ద ట్వంటీ ఎయిత్’ అని ఇంకో మూడు మాటలు ఎక్కువ రాసి ఉంటే ఈ గందరగోళం పుట్టేదే కాదు. తేదీ పక్కన ఈ మాట రాసేవాళ్లు ఎవరైనా ఆ మూడు మాటల ఖర్చు భరించాలి.

ఒక్క ‘ఆన్’ ఎంత తేడా తెస్తుందో ఈ జంటలో చూడండి. ‘ద క్లయింట్ పుష్డ్ బ్యాక్ ద డేట్’: క్లయింట్ తేదీ ఆలస్యం చేశాడు. ‘ద క్లయింట్ పుష్డ్ బ్యాక్ ఆన్ ద డేట్’: క్లయింట్‌కి ఆ తేదీ నచ్చలేదు. పైగా రెండోదాంట్లో, అతనికి అంతకంటే ముందు కావాలో తర్వాత కావాలో చెప్పనే లేదు. అది విడిగా అడిగి తెలుసుకోవాలి. ఇక ‘ద రిలీజ్ వాజ్ పుష్డ్ బ్యాక్’ అని రిలీజ్‌తో మొదలైన వాక్యం దాదాపు ఎప్పుడూ వాయిదానే. మనిషితో మొదలైతే జాగ్రత్తగా చదవండి, రిలీజ్‌తో మొదలైతే అంత కంగారు అక్కర్లేదు.

మీరు పొరబడడానికి తెలుగు కూడా కొంత కారణం. ‘బ్యాక్’ అనగానే మనకు తోచేది ‘వెనక్కి’. తేదీ వెనక్కి జరిగిందంటే ఆలస్యమైనట్టు, మనిషి వెనక్కి తగ్గాడంటే పట్టు సడలించినట్టు. మీ మెయిల్‌ని ఎటునుంచి చదివినా ‘క్లయింట్ దిగొచ్చాడు, 28 వచ్చేసింది’ అనే తేలుతుంది. నిజానికి అభ్యంతరం అర్థంలో ఉన్న ‘బ్యాక్’ వెనక్కి కాదు, ‘తిరిగి’. కాల్ బ్యాక్ అంటే తిరిగి ఫోన్ చేయడం. హిట్ బ్యాక్ అంటే తిరిగి కొట్టడం. మీరు 28 అని ఇటునుంచి తోశారు, అతను అటునుంచి తిరిగి తోశాడు. అలా అనుకుంటే రివ్యూలో మాట కూడా విడిపోతుంది. మీ మీదికి ఒక పని తోసినప్పుడు, మోయలేనిదైతే తిరిగి కొంచెం తోయమంటున్నారు.

మీ పనిలోనే ఇంకో వాడుక ఉంది, కలవకుండా చూసుకోండి. బగ్ సరిగ్గా ఫిక్స్ కాలేదని టికెట్‌ని, అంటే ఆ బగ్ నమోదును, తిరిగి డెవలపర్‌కి పంపడాన్ని కూడా ‘పుష్డ్ ఇట్ బ్యాక్ టు డెవ్’ అంటుంటారు. అక్కడ ‘టు’ తర్వాత తేదీ ఉండదు, మనుషులుంటారు. కోడ్ ‘పుష్’ చేయడం, రిలీజ్ ‘రోల్ బ్యాక్’ చేయడం వేరే సంగతులు. శంషాబాద్‌లో విమానాన్ని గేటు దగ్గర్నుంచి బండితో వెనక్కి నెట్టడమూ ‘పుష్‌బ్యాక్’ కిందికే వస్తుంది, కాకపోతే దానితో మీకు పేచీ లేదు.

నామవాచకంగా వాడితే ‘పుష్‌బ్యాక్’ ఒకే మాట, మధ్యలో ఖాళీ ఉండదు. లెక్కపెట్టే మాట కాదు గనక ‘ఎ పుష్‌బ్యాక్’, ‘త్రీ పుష్‌బ్యాక్స్’ అనకండి. ‘వి గాట్ సమ్ పుష్‌బ్యాక్ ఫ్రమ్ ద క్లయింట్ ఆన్ ద ఎస్టిమేట్’ అంటే సరిపోతుంది. ఫోన్లో వినేటప్పుడు ఇంకో ఆనవాలు ఉంది: నామవాచకమైతే ఊనిక ‘పుష్’ మీద పడుతుంది, క్రియ అయితే ‘బ్యాక్’ మీద. ‘ఆన్’, ‘అగైనెస్ట్’లలో ఏది అంటారా? మాటల మధ్య వచ్చిన ఒక అంశం, ఒక అంకె, ఒక తేదీ అయితే ‘ఆన్’. వారమంతా ఆఫీసుకు రావాలన్న నిబంధన లాంటిది, లేదా పైనుంచి వచ్చే ఒత్తిడి అయితే ‘అగైనెస్ట్’. అభ్యంతరానికి ‘టు’ మాత్రం వాడకండి. మనిషి పేరును నేరుగా ఆ మాట పక్కన పెట్టడమూ వద్దు. ‘ఐ పుష్డ్ బ్యాక్ మై లీడ్’ అంటే మీరు మీ లీడ్‌ని చేత్తో నెట్టారని అర్థం వస్తుంది. ‘ఐ పుష్డ్ బ్యాక్ ఆన్ మై లీడ్స్ ఎస్టిమేట్’ అనండి, మనిషి క్షేమంగా ఉంటాడు.

ఇక ‘ఐ అపోజ్ దిస్ ప్లాన్’. పక్క సీటు అమ్మాయి చెప్పిన ‘ఎదురు తిరగడం’ మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లింది. వ్యాకరణంలో ఆ వాక్యానికి వంక పెట్టలేం. కానీ ‘అపోజ్’ సభల్లో, కోర్టుల్లో, ఎన్నికల్లో తిరిగే మాట. బిల్లును వ్యతిరేకించడం, బెయిలు పిటిషన్‌ను వ్యతిరేకించడం లాంటిది. పదిమంది ఉన్న కాల్‌లో అది పడగానే, ‘ఈ ప్లాన్ ఓడిపోవాలని నేను కోరుకుంటున్నాను’ అన్నట్టు వినిపిస్తుంది. కారణం చెప్పలేదు, బదులు మార్గం చెప్పలేదు, ఇక వాళ్లేం మాట్లాడతారు? వాడాల్సి వచ్చినా ‘అపోజ్ టు’ అనకండి. ‘అపోజ్ ద ప్లాన్’ లేదా ‘యామ్ అపోజ్డ్ టు ద ప్లాన్’.

దీని చుట్టుపక్కల మాటల్లోనూ ఇలాంటి గుంటలున్నాయి. ‘ఐ వెంట్ అగైనెస్ట్ ద ప్లాన్’ అన్నారనుకోండి, వద్దని చెప్పారని కాదు, చెప్పినదానికి విరుద్ధంగా చేసేశారని అర్థం. ‘గో అగైనెస్ట్’ నోటితో చేసేది కాదు, చేతల్లో చేసేది. టెస్టర్ నోటివెంట అది వస్తే ఆడిట్‌లో అడుగుతారు! ‘స్టాండ్ అప్ టు’ ధైర్యంగా ఎదుర్కోవడమే గానీ, అవతలివాడు దబాయించే మనిషి అన్న సూచన అందులో ఉంటుంది. ‘ఐ స్టుడ్ అప్ టు మై లీడ్’ అంటే పాపం ఆయన్ను రౌడీని చేసినట్టే. ‘టు’ బదులు ‘ఫర్’ పెడితే మొత్తం తిరగబడి, ఆయన పక్షాన నిలబడ్డారని అవుతుంది. ‘కమ్ అవుట్ అగైనెస్ట్’ అంటే బహిరంగంగా వ్యతిరేకత ప్రకటించడం, నాయకులకూ సంఘాలకూ సరిపోయే మాట. ‘టర్న్ డౌన్’ పూర్తిగా తిరస్కరించడం, ఆ తర్వాత బేరం లేదు.

మీ భయానికి అసలు కారణం ‘టాక్ బ్యాక్’ అనుకుంటాను. పెద్దవాళ్లు ఏదో అంటే పిల్లలు దురుసుగా ఎదురు సమాధానం చెప్పడం అది. చిన్నప్పుడు ఇంట్లోనూ బళ్లోనూ తిట్లు తెచ్చిపెట్టేది అదే. ‘పుష్ బ్యాక్’ ఆ జాతి కాదు. అందులో మర్యాద తగ్గించడమన్నది లేదు, పని ఎగ్గొట్టడమన్నదీ లేదు. ఆటో అతను 200 అంటే మీరు దూరం చెప్పి 120కి నిలబడతారు చూడండి, అది పుష్ బ్యాక్. ఎక్కే ఉద్దేశం ఉంది కాబట్టే నిలబడ్డారు. ఎక్కనని నడిచి వెళ్లిపోతే అది వేరే. మీ లీడ్ గానీ మేనేజర్ గానీ మీ నుంచి కోరుతున్నది ఆ మొదటిదే.

అయినా రివ్యూలో రాసినాయన కచ్చితంగా ఏ సంఘటన దృష్టిలో పెట్టుకుని రాశారో మనం ఊహించకూడదు. అడగడానికి రెండు దారులున్నాయి. రివ్యూ తర్వాత విడిగా మాట్లాడే పదిహేను నిమిషాల్లో ‘కుడ్ యు గివ్ మి వన్ ఎగ్జాంపుల్ వేర్ ఐ షుడ్ హావ్ పుష్డ్ బ్యాక్?’ అని అడగొచ్చు. ఎక్కడ నోరు విప్పి ఉండాల్సిందో ఒక్క ఉదాహరణ చెప్పమనడం అది. ఉదాహరణ దొరికిందంటే సలహా చేతికి అందినట్టే, వచ్చే రివ్యూకి అదే కొలబద్ద. దొరకలేదంటే ఆ వ్యాఖ్య మొక్కుబడిగా రాసిందని తెలుస్తుంది, మీ మనసూ తేలిక పడుతుంది. రెండో దారి, ముందు లీడ్‌ని తెలుగులో అడగడం: ‘అన్నా, నేను ఎక్కడ కాదని చెప్పి ఉంటే బాగుండేది?’ అని. ఇది మీకు సులువు. కానీ రివ్యూ రాసింది మేనేజర్ అయితే లీడ్ చెప్పేది ఆయన ఊహే అవుతుంది, అది గుర్తుంచుకోండి. ‘వాట్ డస్ పుష్ బ్యాక్ మీన్?’ అని మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. అర్థం మీకు తెలిసిపోయింది, కావాల్సింది సందర్భం.

ఇప్పుడు చేసే పద్ధతి. మీ 21, 28 గొడవనే తీసుకుని లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవి, మీవి పెట్టుకోండి. బిల్డ్, అంటే పరీక్షించాల్సిన సాఫ్ట్‌వేర్, 15వ తేదీ సోమవారం చేతికి వస్తుంది. టెస్ట్ కేసులు, అంటే ఒక్కొక్కటిగా చేసి చూడాల్సిన పరీక్షలు, 240. ఇద్దరు టెస్టర్లు, మనిషికి రోజుకు 30. అంటే 4 రోజులు, గురువారానికి మొదటి రౌండ్ అవుతుంది. శుక్రవారం డెవలపర్లు ఫిక్స్ చేస్తారు. వాటిని మళ్లీ పరీక్షించడానికి 2 రోజులు కావాలి, అవి సోమ, మంగళవారాలు, అంటే 22, 23. రిలీజ్ ఆదివారం 21న. ఫిక్సులు ఎవరూ చూడకుండానే బయటికి వెళ్తాయన్నమాట. మీ అభ్యంతరం మొత్తం ఈ ఒక్క సంగతి. ‘కష్టం’, ‘టైట్‌గా ఉంది’ లాంటి మాటలకు ఎవరూ చలించరు, ‘ఫిక్సులు టెస్ట్ కాకుండా లైవ్‌కి వెళ్తాయి’ అంటే బీమా సంస్థవాడు కుర్చీలో ముందుకు జరుగుతాడు.

తర్వాత దారులు చూపాలి. 21నే కావాలంటే క్లెయిములు, చెల్లింపులు మాత్రం తీసుకుందాం. 120 కేసులు, ఇద్దరికి 2 రోజులు. సోమ, మంగళవారాల్లో టెస్టింగ్, బుధవారం ఫిక్సులు, గురు, శుక్రవారాల్లో మళ్లీ పరీక్ష. మిగతా భాగం 28న. లేదా మొత్తం 21నే కావాలంటే ఇంకో ఇద్దరు టెస్టర్లు కావాలి. నలుగురైతే 240 కేసులు 2 రోజుల్లో అవుతాయి. అయితే కొత్తవాళ్లకు ఆ బీమా వ్యవహారం తలకెక్కడానికే రోజులు పడుతుంది, కాబట్టి కాగితం మీద కుదిరినంత బాగా ఇది నేల మీద కుదరదు. ఆ మాట కూడా దాచకుండా చెప్పండి. లేదా మొత్తం 28న. మూడింట్లో ఏది కావాలో ఎంచుకోవాల్సింది వాళ్లు. ఇలా చెప్తే మీరు కాదన్నట్టే ఉండదు, అయినా 21కి మొత్తం ఇవ్వడం కుదరదన్న మాట బల్ల మీద పడింది.

ఇంగ్లీషులో ఇది నాలుగు చిన్న వాక్యాల పని. ‘ఐ అండర్‌స్టాండ్ ద ట్వంటీ ఫస్ట్ మ్యాటర్స్ టు యు. మై కన్సర్న్ ఈజ్ దట్ ద ఫిక్సెస్ విల్ గో లైవ్ అన్‌టెస్టెడ్. వి కెన్ డూ క్లెయిమ్స్ అండ్ పేమెంట్స్ బై ద ట్వంటీ ఫస్ట్, ఆర్ ఎవ్రీథింగ్ బై ద ట్వంటీ ఎయిత్. విచ్ డూ యు ప్రిఫర్?’ గమనించారా, ఇందులో ‘పుష్ బ్యాక్’ అన్న మాటే లేదు. తోటివాళ్లతో ‘కెన్ ఐ పుష్ బ్యాక్ ఆన్ దట్ ఎ లిటిల్?’ అనడం మామూలే, మర్యాదగానూ ఉంటుంది. క్లయింట్ ముందు మాత్రం ఆ ప్రకటన లేకుండా పని కానివ్వడమే మేలు.

‘ఐ హావ్ ఎ డౌట్’ అని మొదలుపెట్టకండి. హైదరాబాద్‌లో డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. అమెరికా చెవికి అది ‘మీ మాట మీద నాకు నమ్మకం లేదు’ అన్నట్టు తగలొచ్చు. ‘క్వశ్చన్’ లేదా ‘కన్సర్న్’ వాడండి. అలాగే ‘విల్ ట్రై’. మొహమాటానికి మనం అనే ‘చూద్దాంలెండి’ని మీరు అలా అనువదిస్తారు, వాళ్లు దాన్ని ‘సరే’ కింద రాసుకుంటారు. రివ్యూలో ఆ వ్యాఖ్య రావడానికి ఈ ‘విల్ ట్రై’లే కారణమై ఉన్నా ఆశ్చర్యపోను. కుదరనిదానికి ‘నాట్ బై ద ట్వంటీ ఫస్ట్’ అని చెప్పి, ఆ వెంటనే ఏది కుదురుతుందో చెప్పండి.

ఎక్కడ చెప్పాలన్నది ఎలా చెప్పాలన్నదానికంటే ముఖ్యం, ముఖ్యంగా మీ అన్న లాంటి లీడ్‌తో. కాల్‌కి ముందు ఆయనకు విడిగా, తెలుగులోనే ‘అన్నా, ఫిక్సులు టెస్ట్ చేయడానికి టైమ్ లేదు, లెక్క ఇదిగో’ అని పెడితే ఆయన క్లయింట్ ముందు మీ తరఫున మాట్లాడే అవకాశం ఉంటుంది, ఆయన పరువూ నిలబడుతుంది. నష్టం ఒకటే: ఆ అభ్యంతరం మీదని మేనేజర్‌కి తెలియకపోవచ్చు, రివ్యూలో మళ్లీ అదే వాక్యం రావచ్చు. నేరుగా కాల్‌లో చెప్తే మీ పేరు మీద నమోదవుతుంది. కానీ హైదరాబాద్‌లో రాత్రి 8 అంటే, వాళ్లకు ఎండాకాలంలో న్యూయార్క్ వైపు ఉదయం పదిన్నర. వాళ్లు తాజాగా ఉంటారు, మీరు పొద్దుట్నుంచి పనిచేసి అలిసి ఉంటారు. లెక్క కాగితం మీద పెట్టుకోకుండా దిగకండి. మెయిల్ అయితే మాట తూచి రాయొచ్చు, రికార్డు ఉంటుంది. కానీ లీడ్‌కి చెప్పకుండా క్లయింట్‌ని కాపీలో పెట్టారంటే అది పుష్ బ్యాక్ కాదు, పితూరీ అనుకుంటారు. మీరున్న పరిస్థితిలో నా ఓటు, ముందు లీడ్‌కి విడిగా, తర్వాత ‘నేను కాల్‌లో చెప్పనా, మీరు చెప్తారా?’ అని అడగడానికి. చాలామంది ‘నువ్వే చెప్పు’ అంటారు.

చెప్పినా వినకపోతే? ఒకసారి చెప్పండి, కొత్త సమాచారం ఉంటే రెండోసారి చెప్పండి. పాత మాటే మూడోసారి చెప్తే మొండితనం అంటారు. ఆ తర్వాత ‘ఐ స్టిల్ హావ్ ద కన్సర్న్, బట్ వి విల్ గో విత్ ద ట్వంటీ ఫస్ట్’ అని చెప్పి, ఏవి టెస్ట్ కాకుండా వెళ్తున్నాయో ఆ జాబితా మెయిల్లో పెట్టి పని చేసేయండి. దాన్ని ‘బ్యాక్ డౌన్’ అంటారు, పట్టు సడలించడం, అందులో చిన్నతనం ఏమీ లేదు. ‘బ్యాక్ అవుట్’తో కలపకండి, అది ఒప్పుకున్న పని నుంచి తప్పుకోవడం. ఆ జాబితా మెయిల్ లేకపోతే మాత్రం, రేపు ఏదైనా పగిలితే ‘టెస్టింగ్ వాళ్లు చూడలేదు’ అన్న మాట మీ మీదికే వస్తుంది.

టీమ్‌కి చెప్పాలా అన్నది. ఏమీ అనకుండా ఊరుకుంటే నాలుగు రోజుల్లో మరిచిపోతారు, నిజమే. కాకపోతే ‘మెయిల్ క్లియర్‌గా లేదు’ అని మీరు కాల్‌లో వాదించారని రాశారు. అది లీడ్ మనసులో ఉండిపోతుంది. ఒక్క లీడ్‌కే చెప్తే ఆయనతో చక్కబడుతుంది, మూడు రోజులు తాపీగా కూర్చుని తర్వాత రాత్రుళ్లు పనిచేసిన టీమ్‌తో కాదు. గ్రూపులో రెండు వాక్యాలు పెడితే రెండూ తీరతాయి: ‘28 ఖాయమని నేనే తప్పుగా చదివాను. ఇకమీదట తేదీల మెయిల్ వస్తే లీడ్‌ని అడిగి నిర్ధారించుకున్నాకే గ్రూపులో పెడతాను.’ ఇందులో మొదటి వాక్యం కంటే రెండోదానికే విలువ ఎక్కువ. అంతకుమించి క్షమాపణలు, వివరణలు వద్దు. ఎవరైనా రెండు రోజులు ఏడిపిస్తే ఏడిపించనివ్వండి.

నిర్ధారించుకునే వాక్యం కూడా ఒకటి సిద్ధంగా ఉంచుకోండి: ‘సో ద రిలీజ్ స్టేస్ ఆన్ సండే, ద ట్వంటీ ఫస్ట్. కరెక్ట్?’ తేదీ, వారం రెండూ ఉండాలి. నెల కూడా రాయాల్సి వస్తే పేరుతో రాయండి. 05/06 అని రాస్తే మీకు జూన్ 5, అమెరికావాళ్లకు మే 6. ‘ముందుకు జరిపారు’ అనడానికి మనం వాడే ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులకు ఎక్కింది గానీ భారతీయ ఇంగ్లీషు అన్న ముద్రతోనే ఎక్కింది. అమెరికన్ క్లయింట్‌కి ‘మూవ్డ్ అప్’ అని రాయండి. ‘మూవ్డ్ ఫార్వర్డ్’ వద్దు, సగంమంది దాన్ని ముందుకనీ సగంమంది తర్వాతకనీ అనుకుంటారు.

చివరిగా మీవారి సలహా. కంపెనీ మారాలంటే జీతం కోసమో, పని కోసమో, ఇంటికి దగ్గరని చెప్పో మారండి, తప్పు లేదు. ఈ మాట నుంచి తప్పించుకోవడానికైతే ప్రయోజనం లేదు. ఇంటర్వ్యూల్లో మామూలుగా అడిగే ప్రశ్నల్లో ‘టెల్ మి అబౌట్ ఎ టైమ్ యు పుష్డ్ బ్యాక్’ ఒకటి. మేనేజర్‌తో విభేదించిన సందర్భం చెప్పమని కూడా అడుగుతారు, రెండూ ఒకటే. అక్కడ ‘ఐ రెఫ్యూజ్డ్’ అన్నారంటే మొదటికే మోసం. బిల్డ్ ఎప్పుడొచ్చింది, ఎన్ని కేసులు, ఎన్ని రోజులు తక్కువ పడ్డాయి, మీరు చూపిన దారులేమిటి, వాళ్లు ఏది ఎంచుకున్నారు, రిలీజ్ ఏమైంది, ఇవన్నీ రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. మీ మాట నెగ్గకపోయినా ఫర్వాలేదు, నెగ్గని కథే చెప్పండి, ఆ తర్వాత మీరు పెట్టిన మెయిల్ సంగతి కూడా అందులో చేర్చండి.